వేదికకు ఏ సింథసైజర్, స్టూడియోకు ఏ సింథసైజర్: ఎంచుకునే పద్ధతి

కీబోర్డు కొనడానికి దుకాణానికి వెళ్లినవారు సాధారణంగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకదాని తరువాత ఒకటిగా టోన్లు మార్చి విని, చెవికి ఎక్కువ ఇంపుగా అనిపించినదాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ వాయిద్యం పెళ్లి రిసెప్షన్‌లో మూడు గంటల కార్యక్రమాన్ని నిలబెడుతుందా, పాటకు ట్రాక్ తయారుచేసేటప్పుడు చేతికి అందుబాటులో ఉంటుందా అన్నది ఆ వినికిడిలో తెలియదు. వేదిక మీద వాయించినది వాయించినట్టే జనం చెవిన పడుతుంది, దాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండదు. అందువల్ల అక్కడ కావలసినది తడబాటు లేని వేగం. స్టూడియోలో ఒకే బిట్‌ను నచ్చేదాకా మళ్లీ వాయించవచ్చు, వాయించిన తరువాత టోన్‌నే మార్చేయవచ్చు. అందువల్ల అక్కడ కావలసినది లోతు. మీరు డబ్బు దేనికి పెడుతున్నారో తేల్చుకోవడానికి ఈ తేడాను దగ్గర పెట్టుకుంటే చాలు. ఆర్కెస్ట్రాలో, భజన బృందంలో, చర్చి గాయక బృందంలో వాయించేవారిని, ఇంట్లో చిన్న రికార్డింగ్ గది పెట్టుకోవాలనుకునేవారిని దృష్టిలో ఉంచుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను.

మొదట కాగితం మీద రాసుకోండి

మోడళ్ల పేర్లు వెతకడానికి ముందు, మీరు తరచుగా వాయించే పది పాటలను తీసుకుని, ఒక్కొక్క పాటకు నాలుగు సంగతులు రాయండి: ఎన్ని టోన్లు కావాలి, అవి పాటలో ఏ చోట మారాలి, ఎడమచేయి ఏం వాయిస్తుంది, రిథమ్ ఎవరు ఇస్తారు. ఒక మామూలు సినిమా పాటనే తీసుకున్నా మొదట్లో స్ట్రింగ్స్, పల్లవి కింద మెత్తగా పరుచుకునే ప్యాడ్ టోన్‌లో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), మొదటి చరణానికి ముందు వేణువు, రెండో చరణానికి ముందు సితార్ లేదా నాదస్వరం, చివర మళ్లీ స్ట్రింగ్స్ అవసరమవుతాయి. అంటే ఒక్క పాటలోనే నాలుగైదు మార్పులు ఉంటాయి, వాటిలో కొన్నింటికి దొరికే వ్యవధి ఒక తాళం చుట్టు కూడా ఉండదు.

రిథమ్ గురించి రాసుకున్న జవాబు మీరు ఏ జాతి కీబోర్డు చూడాలో చెబుతుంది. మీ బృందంలో తబలా, ఢోలక్, రిథమ్ ప్యాడ్ వాయించేవారు ఉంటే, మీకు ఆటోమేటిక్ తాళాలతో పని లేదు, సింథసైజర్ చాలు. ఒక గాయకుడు, మీరు మాత్రమే కలిసి కార్యక్రమం చేసేటట్లయితే ఎడమచేతి కార్డును బట్టి తాళం, బేస్, గిటార్ తానే నడిపించే అరేంజర్ కీబోర్డు కావాలి. యమహా పీఎస్‌ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్ వంటివి మన దేశపు తాళాలతో, టోన్లతో వచ్చిన అరేంజర్లు. ఇక మిడి (ఏ మీటను ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారో చెప్పే సంకేతాలు) కంట్రోలర్ అనేదానిలో సొంత ధ్వని ఏదీ ఉండదు, అది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను వాయించడానికి వాడే మీటల వరుస మాత్రమే. చూడడానికి ఈ మూడూ ఒకేలా ఉంటాయి కనుక, ఆన్‌లైన్‌లో ఫోటో చూసి తక్కువ ధరకు సింథసైజర్ దొరికిందనుకుని కంట్రోలర్ తెప్పించుకునేవారు ఉన్నారు. వివరాలలో "సౌండ్ ఇంజిన్" (సొంత ధ్వనిని పుట్టించే భాగం), "పాలిఫొనీ" (ఒకేసారి పలికే స్వరాల సంఖ్య) అనే మాటలు ఉన్నాయో లేదో చూసుకుంటే ఆ పొరపాటు జరగదు.

వేదిక కోసమైతే టోన్ మారే తీరును పరీక్షించండి

నా దృష్టిలో వేదిక కీబోర్డుకు ఇదే అన్నిటికంటే పెద్ద పరీక్ష, దుకాణంలో దాదాపు ఎవరూ చేయని పరీక్ష కూడా ఇదే. రెండు చేతులతో స్ట్రింగ్స్ కార్డు పట్టుకుని, సస్టెయిన్ పెడల్ (మీట వదిలినా ధ్వనిని నిలిపేది) తొక్కి ఉంచి, కుడిచేత్తో తరువాతి టోన్ బటన్ నొక్కండి. కొన్ని కీబోర్డులలో మోగుతున్న కార్డు కత్తిరించినట్టు ఆగిపోతుంది, లేదా కార్డు మిగిలినా దాని వెనుక రివర్బ్ (ప్రతిధ్వని) ఒక్కసారిగా మాయమై గదిలోంచి బయటికి వచ్చినట్టు పొడిగా వినిపిస్తుంది. కొత్త టోన్‌కు కావలసిన ఎఫెక్టులను యంత్రం అప్పటికప్పుడు ఎక్కించుకోవలసి రావడమే దీనికి కారణం. మంచి వేదిక కీబోర్డులో పట్టుకున్న కార్డు తన రివర్బ్‌తో సహా సహజంగా ఆరిపోతూ ఉండగానే, కొత్తగా నొక్కిన మీట కొత్త టోన్‌లో పలుకుతుంది. యమహా ఈ సౌకర్యాన్ని సీమ్‌లెస్ సౌండ్ స్విచింగ్ అంటుంది. 2018లో వచ్చిన ఎంఓడీఎక్స్‌లో నాలుగు పార్టుల (కలిసి మోగే భాగాల) వరకు ఉన్న ధ్వనులకు ఇది పనిచేస్తుంది. పేరు ఏదైనా, ప్రకటనలో చదివినదాన్ని మీ చేత్తో రుజువు చేసుకోండి.

దీని తరువాత చూడవలసినది, టోన్లను పాటల వరుసలో పేర్చుకునే ఏర్పాటు. ఫేవరిట్, లైవ్ సెట్, రిజిస్ట్రేషన్ అని కంపెనీని బట్టి పేర్లు మారుతాయి. స్ట్రింగ్స్ నుంచి వేణువుకు వెళ్లడానికి మెనూ తెరిచి, కేటగిరీ ఎంచుకుని, డయల్ తిప్పవలసిన కీబోర్డు ఎంత గొప్పగా పలికినా ఆర్కెస్ట్రాకు పనికిరాదు. ఒక పాటకు కావలసిన అన్ని టోన్లూ ఒకే వరుస బటన్ల మీద ఉండాలి, ఒక్క వేలితో మారాలి. పెడల్ తొక్కితే తరువాతి టోన్‌కు వెళ్లే వీలు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు రెండు చేతులూ మీటల మీదే ఉంటాయి.

టోన్లు పేర్చుకునేటప్పుడు వాటి శబ్దస్థాయిని కూడా సరిచేసుకోవాలి. కంపెనీ ఇచ్చిన టోన్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క స్థాయిలో మోగుతాయి. వేణువు వినపడదు, ఆ వెంటనే వచ్చిన బ్రాస్ చెవులు పగలగొడుతుంది, మిక్సర్ దగ్గర కూర్చున్న ఇంజనీరు ప్రతి బిట్‌కూ ఫేడర్ కదుపుతూ ఉండలేడు. ఈ సర్దుబాటును హెడ్‌ఫోన్లలో చేయకండి, పెద్ద స్పీకరు పెట్టి, వేదిక మీద వినే శబ్దానికి దగ్గరగా ఉంచి చేయండి. అదే సమయంలో ప్రతి టోన్‌కూ రివర్బ్ సగానికి తగ్గించండి, ఫంక్షన్ హాలు గోడలే కావలసినంత ప్రతిధ్వని ఇస్తాయి.

శ్రుతి మార్చే బటన్ ఎక్కడుందో చూడండి

మన కార్యక్రమాలలో ఒక గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడిన మరుక్షణం ఒక గాయని అయిదున్నర శ్రుతిలో అందుకుంటుంది. ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, అయిదున్నర అంటే జి షార్ప్ కనుక, అన్ని శ్రుతులలోనూ సమానంగా చేయి తిరగనివారు ట్రాన్స్‌పోజ్ (అవే మీటలతో వేరే శ్రుతి పలికించే అమరిక) మీద ఆధారపడతారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ బటన్లు ప్యానెల్ మీద విడిగా ఉండాలి, ఎంత మార్చారో తెర మీద ఎప్పుడూ పెద్దగా కనిపిస్తూ ఉండాలి. మెనూ లోపల దాగిన ట్రాన్స్‌పోజ్ వల్ల వచ్చే ప్రమాదం ఏమిటంటే, పోయిన పాటకు పెట్టిన మార్పు ఉండిపోయినట్టు తరువాతి పాట మొదటి కార్డు మోగేదాకా తెలియదు. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి: ప్యాడ్ల (కీబోర్డు మీద తట్టే బటన్ల) మీద పెట్టుకున్న ఆడియో లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే రికార్డు ముక్కలు), ముందే రికార్డు చేసిన బిట్లు సాధారణంగా ట్రాన్స్‌పోజ్‌తో మారవు. అలాంటి లూపులు వాడేవారు డప్పు, ఢోలక్ వంటి తాళవాద్యాలకే పరిమితం కావడం, లేదా ఒకే లూపును రెండు మూడు శ్రుతులలో చేసి పెట్టుకోవడం మేలు.

మీటల సంఖ్య కూడా ఇక్కడే తేలుతుంది. 61 మీటలంటే అయిదు స్థాయిలు. ఎడమవైపు రెండు స్థాయిలలో ప్యాడ్ లేదా బేస్, కుడివైపు మూడు స్థాయిలలో రాగం పలికించే టోన్ పెట్టి స్ప్లిట్ చేసుకుంటే సినిమా పాటలకు సరిపోతుంది. ఎడమచేత్తో పూర్తి పియానో వాయించేవారికి అది ఇరుకు. వారు 73 లేదా 76 మీటలవి చూడాలి.

వైరు సంగతి తేలికగా తీసుకోకండి

కీబోర్డు వెనుక ఎడమ, కుడి అని రెండు అవుట్‌పుట్ జాక్‌లు ఉంటాయి, ఎడమదాని పక్కన సాధారణంగా "మోనో" అని కూడా రాసి ఉంటుంది. దుకాణంలో మీరు విన్నది రెండు చెవులలో రెండు రకాల శబ్దం. మన ఫంక్షన్ హాళ్లలో, పందిళ్లలో చాలాచోట్ల కీబోర్డుకు మిక్సర్‌లో ఇచ్చేది ఒకే లైను. స్టీరియో పియానోలో ఎడమ, కుడి శాంపిళ్లను (అసలు వాద్యం నుంచి రికార్డు చేసిన ధ్వనులను) వేర్వేరు మైకులతో తీసి ఉంటారు. ఒకే తీగ శబ్దం ఆ రెండు మైకులకూ కొద్ది తేడాతో చేరుతుంది కనుక, రెంటినీ కలిపి ఒకటి చేసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హెడ్‌ఫోన్లలో నిండుగా వినిపించిన పియానో వేదిక మీద పలచగా, బోలుగా వినిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. కాబట్టి దుకాణంలోనే మోనో జాక్‌కు ఒక్క వైరు పెట్టించి, ఒక్క స్పీకరులో పియానో, స్ట్రింగ్స్ వినండి. అప్పటికీ బాగున్న టోన్లే వేదిక మీద మీకు పనికొచ్చే టోన్లు.

చాలా కీబోర్డుల అవుట్‌పుట్ అన్‌బ్యాలెన్స్‌డ్‌గా (బయటి గోలను కొట్టేసే ఏర్పాటు లేకుండా) ఉంటుంది. ఆ వైరు అయిదారు మీటర్లు దాటితే లైట్ల డిమ్మర్లు, కరెంటు తీగల నుంచి వచ్చే గోలను పట్టుకోవడం మొదలుపెడుతుంది, మిక్సరేమో వేదికకు చాలా దూరంలో ఉంటుంది. కీబోర్డు పక్కనే డీఐ బాక్సు (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కడిదాకా చిన్న వైరు, అక్కడి నుంచి మైకుకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వేస్తే ఈ సమస్య పోతుంది. కీబోర్డు సిగ్నల్ బలంగానే ఉంటుంది కనుక కరెంటు అక్కర్లేని పాసివ్ డీఐ చాలు. సౌండ్ సిస్టమ్ వారి దగ్గర ఉంటుందని నమ్ముకోకుండా సొంతంగా ఒకటి సంచిలో ఉంచుకోండి.

50 హెర్ట్‌జ్ హమ్ (కరెంటు వల్ల వచ్చే మోత) వస్తున్నప్పుడు కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేస్తారు. దయచేసి ఆ పని ఎవరు చెప్పినా చేయకండి, చేయనివ్వకండి. లోహపు స్టాండు, మైకు, తడి నేల ఉన్న వేదిక మీద అది ప్రాణాలకే ముప్పు. హమ్ సాధారణంగా రెండు వేర్వేరు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వస్తుంది, దానికోసమే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్చు ఉంటుంది, అది సిగ్నల్ వైరులోని కలయికను మాత్రమే తెంచుతుంది.

కరెంటు, బరువు, వెలుతురు

జాతరలోనో, చవితి పందిరిలోనో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాలలో కీబోర్డు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. చిన్న సింథసైజర్లు కొద్ది సెకన్లలో సిద్ధమవుతాయి, పెద్ద వర్క్‌స్టేషన్లలో (పాటను లోపలే రికార్డు చేసి కూర్చే కీబోర్డులలో) కొన్నింటికి నిమిషం పైనే పడుతుంది. కొనేముందు ఒకసారి స్విచ్ తీసి వేసి, మొదటి మీట పలికేదాకా గడియారం చూడండి. రోలాండ్ జూనో-డీఎస్61 ఎనిమిది ఏఏ బ్యాటరీలతో, కోర్గ్ క్రాస్ 2 ఆరు ఏఏ బ్యాటరీలతో నడుస్తాయి. బ్యాటరీ సౌకర్యం ఉన్న మోడల్ చూస్తున్నట్లయితే, బ్యాటరీలు వేసి ఉంచి, వాయిస్తూ ఉండగా అడాప్టర్ లాగి చూడండి, ధ్వని ఆగకుండా కొనసాగితే అది మీకు నిజమైన భరోసా. ఆ సౌకర్యం లేనివాటికి చిన్న యూపీఎస్ ఒకటి వేదిక మీదికి తీసుకెళ్లడం అలవాటు చేసుకోండి. అడాప్టర్ బయట ఉండే కీబోర్డులకు అదే వోల్టేజీ, అదే ధ్రువత ఉన్న రెండో అడాప్టర్ కూడా సంచిలో ఉండాలి.

బరువును మీటల రకం నిర్ణయిస్తుంది. ఎంఓడీఎక్స్6 బరువు 6.6 కిలోలు, అదే ధ్వనులతో పియానో తరహా 88 మీటలున్న ఎంఓడీఎక్స్8 బరువు 13.8 కిలోలు, దానికి గట్టి కేసు కలిపితే బస్సు పైకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. మన దేశంలో ఆర్కెస్ట్రాలవారు విరివిగా వాడే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 నాలుగు కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. దాని ఆదరణకు ఆ బరువు ఒక కారణమైతే, మన వాద్యాల టోన్లు ఉండడం, బయటి శాంపిళ్లను పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించుకునే వీలుండడం మరో కారణం. మీ ఊరి నాదస్వరం, డప్పు శబ్దాలను మీరే రికార్డు చేసి వాడుకోవాలనుకుంటే, శాంపిల్ ఇంపోర్ట్ ఉందా, ఎంత మెమరీ ఇస్తారు అన్నవి తప్పక అడగండి. మధ్యాహ్నపు ఎండలో తెర కనిపిస్తుందా, చీకట్లో బటన్లు వెలుగుతాయా అన్నవి కూడా చూడండి.

గమకం పలుకుతుందా

ఈ పరీక్ష వేదికకూ స్టూడియోకూ సమానమే. కంపెనీ డెమో పాటలు విని మన సంగీతానికి కీబోర్డును ఎంచుకోలేము. పిచ్ బెండ్ (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే సాధనం) పరిధి చాలా కీబోర్డులలో పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలుగా అమర్చి వస్తుంది. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. షడ్జమం సి అయితే సాధారణ గాంధారం డి షార్ప్ మీట. దాన్ని నొక్కి పట్టి బెండ్‌ను పూర్తిగా కిందికి తెస్తే శుద్ధ రిషభం, పూర్తిగా పైకి తీస్తే శుద్ధ మధ్యమం వస్తాయి. తోడి గాంధారం ఊగవలసిన మేర దాదాపు అదే. ఇప్పుడు ఆ మీట మీదే ఉండి, ఎడమచేత్తో నెమ్మదిగా ఊపుతూ కంపితం పలికించి చూడండి. యమహాలో ఎక్కువగా ఉండే చక్రానికి, జూనో-డీఎస్ వంటి రోలాండ్‌లలో పక్కలకు కదిలే లీవరుకు, కోర్గ్ కొన్ని మోడళ్లలో ఉండే జాయ్‌స్టిక్‌కు చేతిలో చాలా తేడా ఉంటుంది. స్ప్రింగు మరీ బిగుతుగా ఉంటే చిన్న ఊపులు రావు, మరీ వదులుగా ఉంటే స్వరం మధ్యలో నిలవదు. ఏది మేలన్నది మీ మణికట్టు చెప్పాలి, ఇంకొకరి సిఫారసు ఇక్కడ పనిచేయదు.

స్ప్లిట్ చేసి వాయించేవారు మరొకటి చూసుకోవాలి. బెండ్ ఊపినప్పుడు కుడిచేతి వేణువుతో పాటు ఎడమచేతి ప్యాడ్ కార్డు కూడా ఊగితే పాట పాడైపోతుంది. చాలా సింథసైజర్లలో ఒక్కొక్క పార్టుకు బెండ్ తీసుకోవాలా వద్దా అని విడిగా పెట్టుకోవచ్చు. ఎడమచేతి పార్టుకు అది ఆపేయాలి. అలాగే వేణువు, నాదస్వరం, వీణ టోన్లను మోనో లెగాటోలో (ఒకసారికి ఒకే స్వరం, తెగకుండా పలికేలా) పెట్టి, పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) స్వల్పంగా ఇస్తే జారు సహజంగా వస్తుంది. ఈ అమరికలు మార్చుకోనివ్వని కీబోర్డును రాగప్రధానమైన పాటలకు నేను సిఫారసు చేయను.

పాలిఫొనీ లెక్క

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 ఒకేసారి 16 స్వరాలు పలికేది. ఇప్పటి సింథసైజర్లలో 128 మామూలైంది, కానీ ఆ సంఖ్య మీరు నొక్కే మీటల సంఖ్యకు సమానం కాదు. స్టీరియో పియానో ఒక మీటకు రెండు వాయిస్‌లు తీసుకుంటుంది, దానిపై స్టీరియో స్ట్రింగ్స్ లేయర్ వేస్తే నాలుగు అవుతాయి. పెడల్ తొక్కి ఉంచి ఎనిమిది మీటల కార్డును నాలుగుసార్లు వేర్వేరుగా మార్చితే 128 నిండిపోతాయి. వేదిక మీద లేయర్లు, పెడల్ కలిపి వాడతారు కనుక 128కి తక్కువ వద్దు. స్టూడియోలో ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా రికార్డు చేస్తారు కనుక ఈ లెక్క పట్టించుకోనక్కర్లేదు; కోర్గ్ మినీలాగ్ వంటి అనలాగ్ సింథసైజర్‌కు నాలుగే వాయిస్‌లున్నా బేస్, లీడ్ రికార్డు చేయడానికి అది అద్భుతంగా పనికొస్తుంది.

స్టూడియో కోసమైతే

ఇక్కడ కీబోర్డు రెండు పనులు చేస్తుంది: మీ చేతి కదలికను కంప్యూటర్‌కు అందించడం ఒకటి, ధ్వనిని ఇవ్వడం రెండోది. ఈ రెంటిలో మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి. ధ్వనులన్నీ సాఫ్ట్‌వేర్ లైబ్రరీల నుంచి తీసుకునేవారికి కీబోర్డు లోపల వేయి టోన్లున్నా ఉపయోగం లేదు. వారు మంచి మీటలున్న కంట్రోలర్ తీసుకుని, మిగిలిన డబ్బును ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి, బయటికి ధ్వనిని పంపే పరికరం), మానిటర్ స్పీకర్ల మీద పెట్టాలి. డీఎక్స్7 ధ్వని కావాలంటే పాత యంత్రం కోసం వెతకనక్కర్లేదు, డెక్సెడ్ అనే ఉచిత ప్లగిన్‌లో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే వాద్యంలో) ఆ ధ్వనులు పలుకుతాయి.

సాఫ్ట్‌వేర్ వాయించేటప్పుడు మీట నొక్కడానికీ శబ్దం రావడానికీ మధ్య జాప్యం ఉంటుంది. 44.1 కిలోహెర్ట్‌జ్ (సెకనుకు 44,100 కొలతలు) వద్ద బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో తయారుచేసే ధ్వని ముక్క) 256 శాంపిళ్లయితే, అంటే 256 కొలతలయితే, ఆ బఫర్ వరకే 5.8 మిల్లీసెకన్లు అవుతుంది. గాలిలో శబ్దం మూడు మిల్లీసెకన్లలో సుమారు ఒక మీటరు వెళుతుంది కనుక, అది రెండు మీటర్ల దూరంలోని స్పీకరును విన్నంత జాప్యమే, చేతికి తెలియదు. బఫర్ 1024కు పెంచితే అదే జాప్యం 23 మిల్లీసెకన్లు దాటుతుంది, వేగమైన స్వరాలలో చేయి తడబడుతుంది. అందువల్ల రికార్డు చేసేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగ్ చేసేటప్పుడు పెంచుకోవాలి.

యంత్రం సొంత ధ్వని కోసం సింథసైజర్ కొనేవారు టోన్ల సంఖ్యకు ఆశపడకండి. ఫిల్టర్ (ధ్వని మెరుపును మలిచేది), ఎన్వలప్ (ధ్వని పుట్టి ఆరిపోయే తీరు), ఆసిలేటర్ (మూలధ్వనిని పుట్టించేది)లకు విడివిడి నాబ్‌లున్నది చూడండి. వేదిక మీద పొరపాటున తగిలి ఇబ్బంది పెట్టే ఆ నాబ్‌లే స్టూడియోలో మీ సొంత ధ్వనిని తయారుచేస్తాయి. యూఎస్‌బీ ద్వారా ఆడియో కూడా పంపే మోడళ్లలో రికార్డింగ్ సులువు; ఎంఓడీఎక్స్ అలా పది చానెళ్లు కంప్యూటర్‌కు పంపగలదు. అది లేకపోతే రెండు వైర్లు ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లకు పెట్టి స్టీరియోలో తీసుకోండి. ఏ పద్ధతిలోనైనా ఆడియోతో పాటు మిడిని కూడా రికార్డు చేయండి, రేపు సంగీత దర్శకుడు టోన్ మార్చమంటే మళ్లీ వాయించే పని ఉండదు.

కొత్తగా కలిపినవారిని తికమకపెట్టే విషయం ఒకటుంది. కంప్యూటర్‌కు కలపగానే ప్రతి స్వరమూ రెండుసార్లు పలికినట్టు, సన్నని సొరంగంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మీటలు నేరుగా తన ధ్వనిని వాయించడంతో పాటు, కంప్యూటర్ తిరిగి పంపిన మిడి కూడా అదే ధ్వనిని వాయించడం దీనికి కారణం. కీబోర్డు సెట్టింగులలో లోకల్ కంట్రోల్ ఆపేస్తే సరిపోతుంది, వేదికకు వెళ్లేముందు మాత్రం దాన్ని మళ్లీ పెట్టాలి, లేకపోతే మీటలు నొక్కినా ఏమీ పలకదు.

కొనేముందు, ఆ కీబోర్డు యూఎస్‌బీకి ప్రత్యేక డ్రైవర్ కావాలా, మీ కంప్యూటర్‌కు ఆ డ్రైవర్ ఇప్పుడు దొరుకుతోందా చూసుకోండి. అయిదు పిన్నుల పాత మిడి జాక్ కూడా ఉన్న మోడల్‌ను నేను ఎప్పుడూ ఇష్టపడతాను, ఎందుకంటే 1983 నాటి యంత్రాన్ని ఆ జాక్ ద్వారా ఈనాటి ఇంటర్‌ఫేస్‌కు కలపవచ్చు.

ఒక్కటే కొనగలిగితే

చాలామంది పరిస్థితి ఇదే. అప్పుడు వేదికకు సరిపోయేదాన్నే కొనండి. యూఎస్‌బీ మిడి ఉన్న ఏ వేదిక సింథసైజరైనా స్టూడియోలో కంట్రోలర్‌గా పనిచేస్తుంది, లోపలి ధ్వనులు చాలకపోతే సాఫ్ట్‌వేర్ ఆదుకుంటుంది. కంట్రోలర్, ల్యాప్‌టాప్ పట్టుకుని వేదికెక్కడం సాధ్యమే కానీ, కరెంటు, వేడి, ధూళి, అర్ధరాత్రి వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నీ మీకు ఎదురుగా నిలుస్తాయి. వేదిక ఎప్పుడూ ఎక్కనివారు, ట్రాక్‌లు చేసి ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నవారు మాత్రం మంచి కంట్రోలర్ తీసుకోవాలి. బడ్జెట్‌లో అయిదో వంతు స్టాండు, కేసు, పెడల్, డీఐ, వైర్లకు ముందే పక్కన పెట్టండి, మొత్తం డబ్బు కీబోర్డుకే పెట్టి దాన్ని బెడ్‌షీట్‌లో చుట్టి తీసుకెళ్లే పరిస్థితి తెచ్చుకోకండి.

సెకండ్‌హ్యాండ్ అయితే

ప్రతి మీట కింద సాధారణంగా రెండు రబ్బరు కాంటాక్టులు ఉంటాయి. మీట దిగేటప్పుడు మొదటిది, రెండోది తగిలే మధ్యకాలాన్ని కొలిచి, ఎంత బలంగా వాయించారో యంత్రం లెక్కిస్తుంది, మిడిలో దాన్ని 127 వరకు గల అంకెగా పంపుతుంది. ధూళి వల్ల, అరుగుదల వల్ల ఆ కాంటాక్టులలో ఒకటి సరిగా తగలకపోతే మీట మూగబోతుంది, లేదా మెత్తగా నొక్కినా ఉలిక్కిపడేంత గట్టిగా మోగుతుంది. అందువల్ల పియానో టోన్ పెట్టి, కింది మీట నుంచి పై మీట దాకా ఒకే మెత్తదనంతో ఒక్కొక్కటే వాయించండి, తరువాత అదే వరుసను గట్టిగా వాయించండి. రబ్బరు స్ట్రిప్పులు మార్చవచ్చు, కానీ ఆ మోడల్‌కు అవి దొరుకుతాయో లేదో తెలుసుకున్నాకే ధర మాట్లాడండి. అవుట్‌పుట్ జాక్‌లో వైరు పెట్టి కొద్దిగా కదిపి బరబర వస్తుందేమో వినండి. వాల్యూమ్ స్లైడర్‌ను నెమ్మదిగా జరిపి చూడండి. పెడల్ తలకిందులుగా పనిచేస్తుంటే అది చెడిపోయిందని అనుకోకండి. కంపెనీని బట్టి పెడల్ ధ్రువత మారుతుంది, పెడల్ తొక్కకుండా కీబోర్డును ఆపి మళ్లీ వేస్తే చాలావాటిలో అదే సర్దుకుంటుంది.

ఇంటికి తెచ్చిన తరువాత మొదట చేయవలసిన పని, మీ అమరికలను పెన్‌డ్రైవ్‌లోకి దాచి, దాని నకలును కంప్యూటర్‌లోనూ ఉంచడం. కొత్త పాట చేర్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. కార్యక్రమాలు లేని ఒక రోజు చూసుకుని, ఆ ఫైలును కీబోర్డులోకి తిరిగి ఎక్కించి, ప్రతి పాట టోన్లూ, స్ప్లిట్లూ, శాంపిళ్లూ యథాతథంగా వచ్చాయో లేదో వాయించి చూడండి. కొన్ని మోడళ్లలో శాంపిళ్లను వేరే ఫైలుగా దాచవలసి ఉంటుంది, ఆ సంగతి వేదిక మీద కాకుండా ఇంట్లోనే తెలియాలి.